‘ఏరు’ శబ్దము – అర్థభేదములు, వ్యుత్పత్తి

2022లో కృష్ణాజిల్లానుండి విడివడిన ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది తిరువూరు. ఆ చుట్టుపట్లనున్న కట్టలేరు, మున్నేరు, బుడమేరు, తమ్మిలేరు అను ప్రవాహముల పేళ్ల చివర ‘ఏరు’ అను నొక్క పదమే వినవచ్చుచున్నది. జ్యేష్ఠపూర్ణిమనాడు ఎడ్లను కడిగి, కాడిని పూజించి, తొలిదుక్కి దున్ను పండుగ ఏరువాక. ఇందలి ‘ఏరు’ను ఆ ప్రవాహవాచకమేనా? తొలకరికి ఏటినీరు వచ్చును. నీటితో సేద్య మారంభమగును. కావున ఏరువాక యనిరని చెప్పుట సులభము. ‘వాక’కు సైతము ప్రవాహార్థ ముండుటచే ఈ వ్యాఖ్య మరింత రుచించును. మేము దీని నంగీకరింపజాలము.

నేటి వ్రాతలో ‘ఏరు’ అను రూపమునకు ముఖ్యముగా మూడర్థములు గలవు. మొదటిది నది. రెండవది ఎడ్లను పూన్చిన నాగలి. ‘ఏరు కట్టుట’ యన నాగలి పూన్చుట. మూడవది క్రియ: బియ్యములో రాళ్లేరుట, పత్తి యేరుట. ఈ క్రియను విడిచి, మొదటి రెండు నామములనే యిచట విచారింతుము.

నదీవాచకము ప్రాచీనలేఖనమున శకటరేఫముతో ‘ఏఱు’. తమిళమున దీనికి సరియైనది ‘ఆఱు’. అంతకు ప్రాచీనరూపము ‘యాఱు’. ఆదియందలి ‘యా’ తెలుగున ‘ఏ’ యగుట నియతము: యానై – ఏనుగు, యాండు – ఏడు (సంవత్సరము), యాఱు – ఏఱు. సంఖ్యావాచకమగు ‘ఆఱు’నకు ఆ యకారము లేమి తెలుగున అది ‘ఆఱు’గనే నిలిచినది. అనగా తమిళము నదిని, సంఖ్యను ఒకే రూపమున కలిపివేయగా, తెలుగు వానిని వేఱుగ నిలిపినది.

నాగలి విషయ మిందుకు విపర్యయము. తమిళమున అది ‘ఏర్’. రేఫము సాధురేఫము, అచ్చు మొదటినుండియు ఏకారము. తమిళమున ఆఱు, ఏర్ అనువాని కెన్నడును సంకరము లేదు. తెలుగున శకటరేఫము ఉచ్చారణమున రేఫముతో కలిసిపోవుటచేతనే ఏఱు, ఏరు ఒక్కటియైనవి. కావున ఇవి నానార్థములుగల యొక పదము గావు. రూపసామ్యము నొందిన రెండు పదములు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. ‘మున్నేటిగట్టు’, ‘ఏటినీరు’ అనుచోట్ల ‘టి’ని జూచి, అదియే శకటరేఫమునకు సాక్ష్యమనుట పొరపాటు. సాధురేఫముగల ‘నీరు’నకును ‘నీటి’ యనియే గదా రూపము! అట్లే, నదియైనచో ‘ఏటివాక’ కావలెనను వాదమును ఉపబలకమే గాని నిర్ణాయకము గాదు. నిర్ణాయకము సోదరభాషల సాక్ష్యమును, ‘ఏరు కట్టుట’ వంటి ప్రయోగమును, పండుగనాటి ముఖ్యకృత్యమును. ఆనాడు రైతు పూన్చునది నాగలి, దున్నునది నేల. ఉత్తరపదమగు ‘వాక’ వ్యుత్పత్తి ప్రత్యేక విచారమునకు తగినది. పూర్వపదము మాత్రము నాగలియే.

ఇది కేవలము అక్షరవివాదము గాదు. నాగలి, అరక, మడక యను పదములు సేద్యపు మాటలలో వ్యాపించగా, ‘ఏరు’ ఏరువాకలో దాగి మిగిలినది. ట్రాక్టరు వచ్చినపిదప అరకయు అరుదగుచున్నది. ఏరువాకను ఏటికి ముడిపెట్టినచో, సేద్యగాని పనిముట్టు పేరు పండుగ పేరునుండియు తొలగిపోవును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశమునకు తెఱచిన మార్గమున నడచు పరిశోధకులు, పదమును వ్రాసికొనునప్పుడు దాని ప్రయోగమును, పాతలేఖనమును గూడ వ్రాసికొందురుగాక. ఒక్క ఱకారమును విడిచినందున ఎంత పొరబడవచ్చునో ఈ చిన్నమాటయే చాటుచున్నది.