ఖాళీ చోటు ఎక్కడ?

టెలిస్కోపు ఎటు చూసిందని అందరూ అడుగుతారు. పక్కకు తిప్పినప్పుడు ఎటు చూసిందని అడిగేవాళ్లు తక్కువ. మేం ‘ఆఫ్ పొజిషన్’ అని పిలిచే ఆ పక్క చోటు గురించే ఈ వారం రాయాలనిపించింది.

హవాయిలో మౌనా కియా కొండ మీద, 4092 మీటర్ల ఎత్తున జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపు ఉంది. డిష్ వ్యాసం 15 మీటర్లు. గాలిలోని నీటి ఆవిరి సబ్‌మిల్లీమీటర్ తరంగాలను మింగేస్తుంది కాబట్టే దాన్ని అంత ఎత్తున కట్టారు. ఆవిరి పెరిగిన రాత్రి ఒక్క మబ్బు లేకున్నా, చుక్కలు మిలమిలలాడుతున్నా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

నక్షత్రాలు పుట్టే మేఘాల్లో హైడ్రోజన్ అణువులే ఎక్కువ. కానీ ఆ చలిలో అవి నోరు విప్పవు. వాటి కబురు మనకు చెప్పేది కార్బన్ మోనాక్సైడ్. 345.8 గిగాహెర్ట్‌జ్ దగ్గర దాని స్పెక్ట్రం రేఖ ఒకటి ఉంది. ఆ రేఖ అటో ఇటో జరిగిన తీరును బట్టి వాయువు మన వైపు వస్తోందో, దూరంగా పోతోందో తెలుస్తుంది.

రిసీవరును పరమ శూన్య ఉష్ణోగ్రతకు 4 డిగ్రీల పైదాకా చల్లార్చినా, దాని రొద, మన గాలి రొద కలిసి ఆ రేఖను ముంచేస్తాయి. అందుకే డిష్‌ను కాసేపు మేఘం మీద, కాసేపు ఆఫ్ మీద పెట్టి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తాం. ఓరియన్ లాంటి చోట్ల వాయువు ఎంతో దూరం పరుచుకుని ఉంటుంది. ఆఫ్‌లో అది కాస్త ఉన్నా చాలు, తెర మీద రేఖలో గుంట పడుతుంది. ముందున్న చల్లటి వాయువు వెలుగును మింగినప్పుడు కూడా అచ్చం అలాగే ఉంటుంది! అందుకే కొత్త మేఘం మొదలుపెట్టే ముందు, ఆఫ్‌నే ఇంకా దూరపు చోటుతో పోల్చి చూస్తాను. సమయం దండగ అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను.

తర్వాత బేస్‌లైన్, అంటే రేఖ కింద ఉండే స్పెక్ట్రం మట్టం. దానికి సరిపోయే గీత ఒకటి గీసి, స్పెక్ట్రంలోంచి తీసేస్తాం. శుక్రుడి మీద ఫాస్ఫీన్ వాయువు ఉందన్న 2020 నాటి ప్రకటనకు మొదటి ఆధారం ఈ టెలిస్కోపు 2017లో తీసిన స్పెక్ట్రమే. శుక్రుడి వెలుగు పరికరంలో అటూ ఇటూ తగిలి స్పెక్ట్రంలో అలలు రేపుతుంది. వంపులెక్కువున్న గీతతో ఆ అలలను తీసేస్తే లేని రేఖ కూడా పుట్టుకురావచ్చు. వాదనలో చాలా భాగం దాని చుట్టూనే నడిచింది. డేటా ఇతరుల చేతికీ అందింది కాబట్టే ఆ వాదన సాధ్యమైంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నా విన్నపం ఇది: పేపర్లో రేఖ బొమ్మ వేసినప్పుడు, ఆఫ్ ఎక్కడ పెట్టారో, బేస్‌లైన్‌కు ఏ గీత వాడారో దాని కిందే రాయండి.