మాయామోహునికి ఎవరు బదులు చెప్పారు?

దైవం పన్నిన మాయ ధర్మసమ్మతమా అన్న చర్చ మనలో చాలావరకు వామనుని వద్దే ఆగిపోతుంది. బౌద్ధాధ్యయనం చేసేవారికి అంతకన్న దగ్గరి ప్రశ్న విష్ణుపురాణం తృతీయాంశం 17, 18 అధ్యాయాలలో ఉంది.

హ్రాదుడు మొదలైన దైత్యుల చేతిలో ఓడిన దేవతలు విష్ణువును శరణు వేడుతారు. దైత్యులు యజ్ఞభాగాలు హరించారన్నది వారి ఫిర్యాదు. అయితే ఆ దైత్యులు వర్ణధర్మం తప్పనివారనీ, వేదమార్గాన నడిచే తపోధనులనీ, అందుకే తాము వధించలేకపోతున్నామనీ దేవతలే ఒప్పుకొంటారు. విష్ణువు తన శరీరం నుండి మాయామోహుని సృష్టించి ఇస్తాడు. నర్మదాతీరాన తపస్సు చేస్తున్న దైత్యుల వద్దకు అతడు మొదట దిగంబరుడై, నెమలిపింఛం పట్టి వస్తాడు. తరువాత రక్తాంబరం ధరిస్తాడు. ఆర్హతులు, బౌద్ధులు అన్న పేర్లు అతని పలుకుల నుండే పుట్టాయని పురాణం వ్యుత్పత్తి చెబుతుంది. స్వధర్మమనే కవచం తొలగగానే దైత్యులు హతులవుతారు.

వంచన ఉన్నదన్నది ఇక్కడ ప్రధానమైన అభ్యంతరం కాదు. వామనకథలోనూ వంచన ఉంది; కాని భాగవతంలో వచ్చినవాడెవరో శుక్రాచార్యుడు ముందే చెబుతాడు, బలి తెలిసే దానమిస్తాడు. కాదనే అవకాశం అతనికి మిగిలింది. అందుకే ఆ కథ ముగిసేసరికి బలి ఔన్నత్యమే మనసులో నిలుస్తుంది. మాయామోహుని శ్రోతలను హెచ్చరించే శుక్రుడు లేడు.

అసలు చిక్కు మాయామోహుని వాదంలో ఉంది. యజ్ఞంలో చంపిన పశువు స్వర్గానికి పోయేటట్లయితే యజమాని తన తండ్రినే ఎందుకు బలి ఇవ్వడు? శ్రాద్ధంలో ఒకరు తిన్నది మరొకరికి తృప్తినిస్తే, ప్రయాణికుడు దారిబత్తెం మోయడమెందుకు? (ఇవి బౌద్ధులకన్న చార్వాకుల పేర ఎక్కువగా వినిపించే వాదాలు, పురాణకర్త అందరినీ ఒకే మూటగా కట్టాడు.) ఈ ప్రశ్నలకు పురాణం సమాధానం చెప్పదు. అవి మాయ నుండి పుట్టాయన్న తరువాత చెప్పవలసిన అవసరమూ ఉండదు. ప్రత్యర్థి వాదాన్ని ఎదుర్కొనే శ్రమ కుమారిలుడు శ్లోకవార్తికంలో పడ్డాడు. విభేదించినా ఆ శ్రమను గౌరవించవచ్చు. పురాణం మాత్రం వాదాన్ని వదిలి వాది జన్మను చూపుతుంది.

దాని ఫలితం వెంటనే వచ్చే శతధనుని కథలో కనిపిస్తుంది. తన గురువుకు స్నేహితుడన్న గౌరవంతో ఒక పాషండునితో మాట్లాడినందుకు ఆ రాజు కుక్కగా, నక్కగా, తోడేలుగా, రాబందుగా, కాకిగా, నెమలిగా పుడతాడు. ఇక్కడ నేరం సంభాషణే.

ఇదే కొలత బౌద్ధ గ్రంథాలకూ పట్టాలి. సద్ధర్మపుండరీకంలో మండుతున్న ఇంటి నుండి పిల్లలను బయటికి రప్పించేందుకు తండ్రి బండ్లు ఇస్తానని ఆశపెడతాడు. అది అసత్యమా అని బుద్ధుడే అడుగుతాడు, కాదంటాడు శారిపుత్రుడు. పిల్లలు బ్రతికారు గనుక ఆ జవాబు నిలుస్తుంది. మాయానగర దృష్టాంతం అంత తేలిక కాదు. శ్రావకుల నిర్వాణం దారి మధ్య కల్పించిన విడిది మాత్రమే అన్నప్పుడు, ఆ మార్గాన్నే నమ్మిన భిక్షువు వాదానికి సమాధానం రాలేదు, స్థానం మాత్రం కేటాయించబడింది. ఉద్దేశం కరుణే; పద్ధతి మాత్రం విష్ణుపురాణానికి మరీ దూరం కాదు. మహాయాన ఉపాయకౌశల్యాన్ని మెచ్చుకొనే వ్యాఖ్యాతలు ఈ పోలికను త్వరగా దాటేస్తారు.

పురాణం విధించిన మౌనం లోకంలో ఎంతవరకు చెల్లిందో గ్రంథాలను బట్టి తెలియదు; శాసనాలను చూడాలి. నాగార్జునకొండ మహాచైత్యం ఆయక స్తంభాలను వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో నిలిపినది చాంతిసిరి. ఆమె సోదరుడు శాంతమూలుడు అగ్నిహోత్ర, అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధాలు చేసినవాడనీ, విరూపాక్షపతి మహాసేనుని అనుగ్రహం పొందినవాడనీ కీర్తించే మాటలు ఆ స్తంభాల మీదే, బుద్ధునికి నమస్కరించే మాటలతో కలిసి, ఒకే ప్రాకృతంలో ఉన్నాయి.