లోహ గుచ్ఛములు, లైగాండులు: పోలికయే పరమార్థమా?

నీటి కాఠిన్యమును కొలుచుటకు ప్రయోగశాలలో ఇ.డి.టి.ఎ. ద్రావణమును వాడుదురు. దాని అణువు ఒక్కొక్క కాల్సియం అయానును ఆరు చోట్ల పట్టుకొనగలదు. ఇట్లు పెక్కు చోట్ల పట్టుకొను లైగాండులకు బహుదంత లైగాండులని పేరు. దంతములు హెచ్చినకొలది పట్టు బిగియునని విద్యార్థులకు బోధింతుము. ఆ మాట నిజమే. ఆరు అమోనియా అణువులు గల నికెల్ సంయోగము కంటె, మూడు ఇథిలీన్ డైఅమీన్ అణువులు గల దాని స్థిరతాంకము వందల కోట్ల రెట్లు హెచ్చు.

కాని ఇది ఒక్క లోహ అయానుకు సంబంధించిన సంగతి. మూడు నాలుగు లోహ పరమాణువులు ప్రక్కప్రక్కన చేరి, గుచ్ఛముగా పనిచేయవలసి వచ్చినపుడు ఈ సూత్రమొక్కటే చాలదు. ఇ.డి.టి.ఎ. తన చేతులన్నిటితో ఒక్క అయానునే చుట్టివేయును. గుచ్ఛమునకు కావలసినది లోహములను తగిన దూరములలో నిలిపి, పని జరుగుటకు చోటు విడిచిపెట్టు చట్రము.

ఈ విద్యలో ప్రకృతియే మనకు గురువు. కిరణజన్య సంయోగక్రియలో నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ను ఇచ్చునది నాలుగు మాంగనీసు, ఒక కాల్సియం, ఐదు ఆక్సిజన్ పరమాణువుల గుచ్ఛము. ఉమెనా, కవకామి, షెన్, కామియా అను శాస్త్రజ్ఞులు 2011లో దాని నిర్మాణమును 1.9 ఆంగ్‌స్ట్రాముల స్పష్టతతో వెల్లడించిరి. ప్రోటీనులోని ఏడు అమైనో ఆమ్లములు ఆ గుచ్ఛమును పట్టియుంచును. అయినను నాలుగు నీటి అణువులు దానికి అంటియుండుటకు చోటు మిగిలియున్నది.

ఆ సంవత్సరమే అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో థియొడర్ అగాపీ బృందము ఒక నమూనాను ప్రకటించినది. వారి లైగాండునకు నడుమ బెంజీన్ వలయము, దానికి మూడు చేతులు. ఒక్కొక్క చేతికి రెండు పిరిడీన్ నైట్రోజనులు, ఒక ఆక్సిజన్. వెరసి తొమ్మిది దంతములు. మూడు మాంగనీసులు పొయ్యిరాళ్లవలె త్రికోణముగా కుదురుకొనగా, కాల్సియం వాటిపై కుండవలె కూర్చున్నది. ఆక్సిజనులతో కలిసి అది ఘనాకృతి దాల్చినది. ఆలోచన మెచ్చదగినది. కాని ప్రకృతి గుచ్ఛములో ఘనమునకు వెలుపలనున్న నాలుగవ మాంగనీసు ఇందు లేదు.

ఆ లోటును 2015లో చైనాలో చున్‌షీ జాంగ్ బృందము తీర్చినది. ఆశ్చర్యమేమన, వారు వాడినది తొమ్మిది దంతముల లైగాండు కాదు. పివాలిక్ ఆమ్లమను చిన్న కార్బాక్సిలిక్ ఆమ్లము. నాలుగవ మాంగనీసుతో సహా ఆకృతి ప్రకృతికి మరింత దగ్గరగా వచ్చినది.

అట్లయిన అగాపీ శ్రమ వ్యర్థమా? పోలికయే గీటురాయి అయినచో అట్లే అనవలెను. కాని వారి బృందము 2013లో ప్రకటించిన మరియొక పరిశోధనను చూడుడు. అదే చట్రముపై మూడు మాంగనీసులను కదలనీయక, నాలుగవ స్థానమున సోడియం, స్ట్రాన్షియం, కాల్సియం, జింక్, ఇట్రియంలను మార్చి మార్చి నిలిపిరి. ఆ లోహపు ఆమ్లత్వము హెచ్చినకొలది గుచ్ఛము ఎలక్ట్రానును గ్రహించుట సులభమైనది. ఈ మార్పు ఒక సరళరేఖపై నడచినది. కాల్సియం, స్ట్రాన్షియం గుచ్ఛముల విలువలు దాదాపు సమానముగా వచ్చినవి. ప్రకృతిలో కాల్సియం స్థానమున నిలిచి పని సాగింపగలది స్ట్రాన్షియం ఒక్కటే అను సంగతితో ఇది చక్కగా పొసగుచున్నది.

ఒక్కటి మాత్రమే మార్చి తక్కినవన్నియు స్థిరముగా నుంచుట శాస్త్ర ప్రయోగమునకు ప్రాణము. వాటంతటవే చేరు చిన్న లైగాండులతో, లోహము మారినను ఆకృతి మారదను భరోసా ముందుగా లభింపదు. తొమ్మిది దంతముల చట్రము విలువ ఇచ్చటనే తెలియును.

కాబట్టి జాంగ్ నమూనా రూపమున మిన్న. అగాపీ చట్రము ప్రశ్నించుటకు మిన్న. విగ్రహమెంత పోలియున్నను నడువదు కదా! నడక రహస్యము తెలియవలెనన్న కీళ్లను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. తరగతిలో లైగాండు బొమ్మ గీచినపుడు ఉపాధ్యాయులు దంతములను లెక్కింపజేయుటతో ఆగరాదు. అవి లోహములను ఎంత దూరమున నిలుపుచున్నవి, ఎచ్చట చోటు విడుచుచున్నవి అనికూడ విద్యార్థులను అడుగవలెను.