చలి లేని నేలలో బత్తాయి: ఒక మహాగ్రంథ సమీక్ష

నిమ్మజాతి ఫలవృక్షాలను గూర్చి వెలువడిన గ్రంథాలలో ‘ది సిట్రస్ ఇండస్ట్రీ’కి విశిష్టమైన స్థానం కలదు. వెబ్బర్, బాచెలర్ అను శాస్త్రజ్ఞుల సంపాదకత్వంలో దీని మొదటి సంపుటం 1943లో ప్రకటితమైనది. సవరించిన కూర్పు 1967 నుండి 1989 వరకు అయిదు సంపుటాలుగా వచ్చినది. ఇందు స్వింగిల్ వ్రాసిన వృక్షశాస్త్ర భాగమొక్కటి చాలును, గ్రంథం విలువ తెలియడానికి.

అయితే మన పాఠకుడు ఒక సంగతి గుర్తుంచుకోవలెను. ఈ గ్రంథం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నీడన పెరిగినది. అక్కడ చలికాలమే తోటకు గడియారం. సుమారు 13 డిగ్రీల సెంటీగ్రేడుకు లోబడిన చల్లదనంలో చెట్టు పెరుగుదల నిలిచిపోతుంది. విశ్రాంతి పొందిన కొమ్మలు వసంతపు వెచ్చదనానికి ఒక్కసారిగా పూస్తాయి. రాత్రుల చలికి తొక్కలోని పత్రహరితం నశించి, పండు బంగారువన్నె తేరుతుంది.

ఉష్ణమండలంలో ఈ గడియారం సరిగా నడవదు. చెట్టుకు నిద్ర ఉండదు. పూత, పిందె, పండు ఒకే కొమ్మన కనిపించవచ్చును. మూడవ సంపుటంలో (1973) శీతోష్ణస్థితిపై రాయిటర్ వ్రాసిన అధ్యాయం ఈ భేదాన్ని చక్కగా పరిశీలించినది. కాని అది చెప్పేది ప్రధానంగా చెట్టు స్వభావం; రైతు చేతిపని కాదు. మనకు కావలసినది ఆ రెండవదే.

చలి చేసే పనిని మన దేశంలో నీటి ఎద్దడి చేస్తుంది. తోటకు నీరు ఆపి, ఆకు వాడి కొంత రాలే వరకు ఉంచి, పిమ్మట మొదట పలుచగా తడిపెట్టి, క్రమంగా నీరు పెంచితే పూత ఒక్కుమ్మడిగా వస్తుంది. అంబే, మృగ్, హస్త బహార్లనే మూడు పూతకాలాలలో రైతు తనకు అనువైనదానిని ఎంచుకొనే ఉపాయమిదే. ఇసుక నేల త్వరగా ఆరుతుంది, నల్లరేగడి ఆలస్యంగా ఆరుతుంది; కనుక అందరికీ ఒకే గడువు చెప్పరాదు. ఎద్దడి మితిమీరితే కొమ్మలు ఎండుతాయి. నడుమ వాన కురిస్తే శ్రమ వృథా అవుతుంది.

రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన భాషలో ‘పచ్చ’ అంటే రంగు, ‘పచ్చి’ అంటే పండని స్థితి. బత్తాయి పట్ల ఈ మాటల పోలిక మోసం చేస్తుంది. వెచ్చని రాత్రులలో తొక్క పచ్చగా ఉండగానే లోపల రసం పండుతుంది. రసంలో తీపికీ పులుపుకూ గల నిష్పత్తియే పక్వతకు గుర్తు. ఎథిలీన్ వాయువుతో తొక్కకు పసుపు తెప్పించవచ్చును గాని, కోసిన కాయకు తీపి తేలేము.

ఈ గ్రంథం ఆధారంగా తెలుగులో వ్రాయదలచినవారు దాని పుటలను యథాతథంగా దించరాదు. ‘చలి’ అని ఉన్నచోట మన నేలలో ఆ పని దేనివలన జరుగుతున్నదో తరచి చూడవలెను. లేకుంటే నష్టపోయేది అనువాదకుడు కాదు, ఏళ్ళ తరబడి చెట్టు పెంచిన నల్లగొండ రైతు. ఆ జాగ్రత్తతో చదివిన వారికి ఈ అయిదు సంపుటాలు నేటికీ గొప్ప నిధియే.