అచ్చు అతకడం

సిల్క్ బోర్డు జంక్షన్‌లో అరగంట ఇరుక్కోని బెంగళూరువాసి ఉండడు. ఆ బోర్డు పట్టు పరిశ్రమదన్న సంగతి నాకు చాలా ఏళ్లు తోచనేలేదు. గుంత మగ్గంలో కాళ్లాడించిన తాత మనవణ్ణి, నాకే!

మొన్న ధర్మవరం వెళ్లాను. యలహంక, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు, హిందూపురం, పెనుకొండ... రైలు దారి ఒకప్పుడు ఎక్కంలా అప్పజెప్పేవాణ్ణి. ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఎవరైనా అడిగితే నా నోట అనంతపురమనే వస్తుంది.

చిన్నాయన మగ్గం మీద పడుగు అయిపోయింది. ఆవేళ అచ్చు అతుకుతున్నారు. పట్టుచీర పడుగంటే వేల నిలువు పోగులు. అన్నిటినీ దువ్వెనలాంటి అచ్చు పళ్లలోంచి లాగేసి, కొత్తవి మళ్లీ ఒక్కొక్కటే ఎక్కించాలంటే ప్రాణం పోతుంది. అందుకని పాత పోగుల కొసలు మగ్గంలోనే ఉంచి, ఒక్కో కొసకు ఒక్కో కొత్త పోగు కలిపి వేళ్ల నడుమ మెలిపెడతారు. జారకుండా బూడిద అద్దుకుంటారు. ముడెయ్యరు, ముడేస్తే అచ్చులో ఇరుక్కుంటుంది. మెలి వదులైతే ఊడుతుంది, గట్టిగా లాగితే పోగే తెగుతుంది.

నేనూ కూర్చున్నాను. పదో పోగుకే పక్కదాన్ని పట్టేశాను. చిన్నమ్మ ఏమీ అనకుండా విడదీసి సరిచేసింది.

"కీబోర్డు చేతులబ్బీ, మెత్తబడినాయి," అని నవ్వాడు చిన్నాయన. కాసేపటికి తనే, "చదువుకో పో అని మగ్గం కాడ్నుంచి లేపింది మేమే కదా," అన్నాడు.

నిజమే. మా ఇళ్లలో పిల్లలు నాడె పట్టకూడదని మొక్కుకున్నది నేతగాళ్లే. మొక్కు ఫలించింది. చిన్నాయన కొడుకూ బెంగళూరులోనే ఉన్నాడు. నేను అతికిన పది పోగుల్లో ఎన్ని నిలిచాయో అడగలేదు.

సాయంత్రం వీధిలోకి వస్తే మరమగ్గాల మోత. కొన్ని రకాల నేతను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేశారు, వాటిలో చీర కూడా ఉంది. చట్టం కాగితం మీద ఉంది, మోత చెవిలో ఉంది. మన బెంగళూరు కబ్బన్‌పేట సందుల్లోనూ తెలుగు నేత కుటుంబాలు చేమగ్గం దించి మరమగ్గం పెట్టుకున్నాయి. వాళ్లను తప్పుపట్టను. మగ్గమే వదిలేసినవాణ్ణి, నాకా హక్కు లేదు. మరమగ్గం చీరను చేనేతని చెప్పి, చేనేత ధరకు అమ్మేవాణ్ణి మాత్రం తప్పుపడతాను.

చిక్‌పేటలో ధర్మవరం చీర కొనబోతే సిల్క్ మార్క్ చూసి ఆగిపోకండి. అది పట్టు అసలుదని చెబుతుంది, చేత్తో నేసిందని చెప్పదు. హ్యాండ్లూమ్ మార్క్ అడగండి. చీర విప్పించి, అంచు చివర సన్నటి బెజ్జాలున్నాయేమో చూడండి. నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా బిగించే బద్ద ముళ్ల గుర్తులవి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనీండి.