ఐదు వోల్టులు నిజంగా ఐదేనా?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు మందుల కంపెనీల్లో పనిచేసే వాళ్లనెవరినైనా అడగండి. ప్లాంటులో ప్రెషర్ గేజీకి, థర్మామీటరుకు, త్రాసుకు ఒక చిన్న స్టిక్కర్ అంటించి ఉంటుంది. కాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు, మళ్లీ ఎప్పుడు చేయాలి అని దాని మీద రెండు తేదీలు. రెండో తేదీ దాటిపోతే ఆ పరికరం ఎంత ఖరీదైనదైనా దాని రీడింగ్‌ను లెక్కలోకి తీసుకోరు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఐటీఐ, డిప్లొమా చదివి షిఫ్టులకు వెళ్లే పిల్లలకు ఇది రోజూ కళ్ల ముందుండే సంగతే. ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టమున్న పిల్లలు సెలవు రోజున ఆర్డుయినో బోర్డు ముందేసుకుని ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీకో, పొలంలో బోరు మోటారుకో మీటరు తయారు చేయాలని కూర్చుంటారు. కంపెనీ గేటు లోపల అంత నిష్ఠగా పాటించే పద్ధతి ఇంటి బల్ల దాకా రాకపోవడం నాకు పెద్ద వెలితిగా కనిపిస్తుంది. తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు మరి.

ఆ పద్ధతి లేకపోతే ఏమవుతుందో ఒక బ్యాటరీతో చూద్దాం. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఒక ఇంట్లో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉందనుకోండి. నిండుగా ఉండి, కాసేపు కదపకుండా వదిలేస్తే అది సుమారు 12.7 వోల్టులు చూపుతుంది. సగానికి వస్తే 12.2. 11.9కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. నిండు బ్యాటరీకీ ఖాళీ బ్యాటరీకీ మధ్య ఉన్నది 0.8 వోల్టు మాత్రమే అన్నమాట. ఇప్పుడు రెండు రెసిస్టర్లతో ఈ వోల్టేజీని మూడో వంతుకు తగ్గించి ఆర్డుయినో ఊనో బోర్డుకు ఇచ్చారు. బోర్డుకు కరెంటు సెల్‌ఫోన్ చార్జర్ నుంచి, సన్నటి యూఎస్‌బీ కేబుల్ మీదుగా వస్తోంది. ప్రోగ్రామ్‌లో 5.0 అని రాశారు గాని, కేబుల్‌లో పోయింది పోగా బోర్డుకు చేరింది 4.7 వోల్టులే. బ్యాటరీ 11.9 దగ్గర ఉంటే చిప్ లెక్క 864 అని వస్తుంది. దాన్ని 5తో గుణించి, 1024తో భాగించి, మూడింతలు చేస్తే తెర మీద 12.66 కనిపిస్తుంది. ఖాళీ బ్యాటరీ నిండుగా ఉన్నట్టు! చిప్ తప్పు చేయలేదు, ప్రోగ్రామ్‌లో గుణకారమూ తప్పు లేదు. 5 అనుకున్నది 5 కాదు, అంతే.

కిలో రాయి అరిగిపోయి ఉంటే త్రాసు ఎంత మంచిదైనా తూకం తప్పే వస్తుంది. వోల్టేజీ కొలతలో ఆ రాయి పేరు రిఫరెన్స్. ఊనోలో ఉన్న ఎటిమెగా328పి చిప్ వోల్టేజీని సొంతంగా ఎరగదు. తనకిచ్చిన రిఫరెన్స్‌లో ఇది ఎన్నో వంతు అని మాత్రమే చెప్పగలదు. ముందు రిఫరెన్స్‌లో సగంతో పోల్చి ఎక్కువా తక్కువా చూస్తుంది. తర్వాత మిగిలిన దాంట్లో సగంతో, ఆపైన అందులో సగంతో, అలా 10 మెట్లు దిగి 0 నుంచి 1023 లోపు ఒక అంకె ఇస్తుంది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో పొటెన్షియోమీటర్ తీగ మీద జాకీ జరుపుతూ రెండు ఘటాల విద్యుచ్ఛాలక బలాలను పోల్చిన వాళ్లకు ఇది పాత పరిచయమే. తెలిసినదాన్ని పక్కన పెట్టుకుని తెలియనిదాన్ని పోల్చి చూడటం, గాల్వనోమీటర్ ముల్లు సున్నాకు వచ్చిన చోట ఆగడం. ఆ ప్రయోగాన్ని మార్కుల కోసం చేసి మరచిపోతాం గాని, వోల్టేజీ కొలత విద్య అంతా అందులోనే ఉంది.

ఆ తెలిసినది ఎక్కడి నుంచి వస్తుంది? ఎడ్వర్డ్ వెస్టన్ 1893లో తయారు చేసిన కాడ్మియం ఘటం 1.018 వోల్టుల దగ్గర కదలకుండా నిలబడేది. చాలా దశాబ్దాలు ప్రపంచ ప్రయోగశాలలు దాన్నే నమ్ముకున్నాయి. 1990 నుంచి ఆ స్థానం అతిశీతల స్థితిలో పనిచేసే జోసెఫ్సన్ జంక్షన్‌ది. మన దేశంలో ఈ ప్రమాణాన్ని కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడి నుంచి గుర్తింపు పొందిన కాలిబ్రేషన్ ల్యాబులకు, వాటి నుంచి ఫ్యాక్టరీ మీటర్లకు మెట్టు మెట్టుగా ఆ వోల్టు దిగి వస్తుంది. అయ్యగారి సాంబశివరావు 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన నాటి నుంచి హైదరాబాద్‌కు ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలో పేరుంది. సంగారెడ్డి పక్కనే కందిలో ఐఐటీ ఉంది. కొలత శాస్త్రం మనకు దూరపు చుట్టం కాదు. మన బల్ల మీది మల్టీమీటర్ కూడా ఆ వరుసలో చివరి మెట్టే. బోర్డును దాని పక్కన నిలబెట్టి సరిచూడటమే మనం చేయాల్సిన కాలిబ్రేషన్.

ముందు రిఫరెన్స్ మార్చాలి. ఈ చిప్ లోపలే 1.1 వోల్టుల రిఫరెన్స్ ఒకటి ఉంది. చార్జర్ మారినా, కేబుల్ మారినా అది పెద్దగా చలించదు. కాకపోతే ఒక చిప్‌లో 1.0, ఇంకో చిప్‌లో 1.2 కూడా ఉండొచ్చని తయారీదారే చెబుతాడు. దానికి భయపడనక్కర లేదు. ఎంత ఉందన్నది ఒక్కసారి తెలుసుకుంటే చాలు, అది అక్కడే ఉంటుంది. తప్పు ఎంతైనా సరే, మారకుండా ఉంటే దిద్దుకోవచ్చు. రోజుకో రకంగా మారేదాన్ని ఏం చేయలేం.

ఈ రిఫరెన్స్‌కు తగ్గట్టు పైన 150 కిలో ఓములు, కింద 10 కిలో ఓములు పెడితే బ్యాటరీ వోల్టేజీ పదహారో వంతు అవుతుంది, అంటే 17.6 వోల్టుల దాకా కొలవొచ్చు. చిప్‌కు తన పిన్ వెనకున్న రెసిస్టెన్స్ 10 కిలో ఓములు మించకపోవడం ఇష్టం. మన జంట కలిసి 9.4 దగ్గర ఉంటుంది కాబట్టి సరిపోతుంది. పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే ఇంకా నిలకడ వస్తుంది. 1 శాతం రెసిస్టర్లే వాడినా రెండింటి తేడా ఎదురెదురు వైపులకు మొగ్గితే దాదాపు 2 శాతం తప్పు రావొచ్చు, 12.6 వోల్టుల దగ్గర అది పావు వోల్టు. అందుకని రిఫరెన్స్‌నూ రెసిస్టర్లనూ విడివిడిగా కొలుస్తూ కూర్చోవద్దు. బ్యాటరీ మొనల దగ్గర మల్టీమీటర్ 12.58 చూపుతున్న క్షణాన బోర్డు 731 అంటే, 12.58ని 731తో భాగించండి. 0.01721 వస్తుంది. మీ బోర్డుకు, మీ రెసిస్టర్లకు అదే గుణకం. రెసిస్టర్ల తేడా, రిఫరెన్స్ తేడా, 1023తో భాగించాలా 1024తోనా అన్న వాదన, అన్నీ అందులోనే కలిసిపోతాయి. బ్యాటరీ ఇంకో వోల్టేజీ దగ్గర ఉన్నప్పుడు మరోసారి సరిచూస్తే సున్నా దగ్గరి తేడా కూడా బయటపడుతుంది. రేకుల షెడ్డులో పెట్టే మీటరైతే పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చూడటం మంచిది.

గ్రౌండ్ తీగ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే వైరింగ్‌లో దాన్ని ఎవరూ అనుమానించరు. బోర్డుతో పాటు ఒక రిలే కూడా పెట్టారు, దాని కరెంటు కూడా అదే తీగలో పోతోందనుకోండి. తీగ రెసిస్టెన్స్ 0.1 ఓము, కరెంటు అర ఆంపియర్ అయితే 50 మిల్లీవోల్టులు అందులోనే పడిపోతాయి. కింది 10 కిలో ఓముల రెసిస్టర్‌ను బ్యాటరీ దగ్గర కలిపారా, ఆ 50 మిల్లీవోల్టులు పదహారింతలై తెర మీద 0.8 వోల్టుల తప్పుగా తేలతాయి. అదే రెసిస్టర్‌ను బోర్డు గ్రౌండ్ పిన్ దగ్గరే కలిపితే తప్పు 0.05 దగ్గర ఆగిపోతుంది. రిలేకు వేరే తీగ లాగితే అదీ పోతుంది. అరగజం తీగతో అయ్యే పని.

సగటు తీయడం చాలామందికి తెలుసు. 16 రీడింగులు కూడి 4తో భాగిస్తే 10 బిట్ల చిప్ నుంచి 12 బిట్ల సూక్ష్మత వస్తుంది, అయితే రీడింగులో సహజంగా కొంచెం కదలిక ఉండాలి. కదలకుండా ఒకే అంకె వస్తుంటే ఎన్నిసార్లు కూడినా కొత్తగా తెలిసేదేమీ లేదు. మన కరెంటు 50 హెర్ట్జులది కనుక సరిగ్గా 20 మిల్లీసెకన్ల మేర సగటు తీస్తే దాని రొద చాలావరకు కొట్టుకుపోతుంది. రిఫరెన్స్ మార్చిన వెంటనే వచ్చే మొదటి రీడింగును పారేయాలి. ఇవన్నీ మంచి అలవాట్లే. కానీ తప్పు రిఫరెన్స్‌తో వెయ్యిసార్లు సగటు తీసినా వచ్చేది అదే తప్పు, ఇంకాస్త నున్నగా.

ఇంతకు మించి కావాలంటే పటాన్‌చెరులో 218 నంబరు బస్సెక్కి కోఠిలో దిగి, గుజరాతీ గల్లీ దుకాణాల్లో అడగాలి. 4.096 వోల్టుల ఎల్ఎం4040 అనే రిఫరెన్స్ చిప్ పెడితే 10 బిట్ల లెక్కలో ఒక్కో మెట్టు చక్కగా 4 మిల్లీవోల్టులవుతుంది. బయటి రిఫరెన్స్ కలిపితే ప్రోగ్రామ్‌లో ఆ మాట ముందే చెప్పాలి, చెప్పకుండా రీడింగ్ తీస్తే చిప్ దెబ్బతినొచ్చు. ఏడీఎస్1115 మాడ్యూల్‌లో రిఫరెన్స్, 16 బిట్ల కొలత రెండూ ఉంటాయి. ఈఎస్‌పీ32 బోర్డు వాడేవాళ్లకు ఇది మరీ అవసరం. ఆ చిప్ సొంత కొలత అడుగు చివరన, పై చివరన సరళ రేఖలో నడవదు కాబట్టి ఒక్క గుణకంతో దిద్దలేం.

బోరు మోటారు సంగతి వేరు. 415 వోల్టుల త్రీఫేజ్ లైనును ఏ రెసిస్టర్ల జంటతోనూ నేరుగా బోర్డుకు కలపకూడదు. జెడ్ఎంపీటీ101బి లాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మాడ్యూల్‌ను ఫ్యూజు తర్వాత, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోవాలి. ఏసీ అలను పూర్తి ఆవృత్తుల మేర కొలిచి, ప్రతి రీడింగు నుంచి అల మధ్య విలువను తీసేసి, వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కట్టాలి. గుణకాన్ని ట్రూ ఆర్ఎంఎస్ మల్టీమీటర్‌తోనే పట్టాలి, అదీ మోటారు ఆగినప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఒకసారి. మాడ్యూల్ మీదున్న స్క్రూను ఒకసారి తిప్పి సరిచేశాక చుక్క గోళ్ల రంగు వేసి కదలకుండా చేయండి. మూడు ఫేజులకు మూడు మాడ్యూళ్లు కావాలి, మూడింటికీ మూడు వేర్వేరు గుణకాలు.