చాక్లెట్ సిరప్ నెత్తురు

జేబు ఖాళీగా ఉన్నప్పుడే పనివాడి చెయ్యి ఎంత తిరిగిందో తెలుస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య ప్రకటనలు తీసుకునే జార్జ్ రొమేరో బృందం 1968లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ సినిమా విడుదల చేసింది. ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. లేచొచ్చిన శవాలకు భయపడి తలదాచుకున్న కొందరి కథంతా దాదాపు ఓ పాత పొలం ఇంట్లోనే.

నలుపు తెలుపు ఫిల్ములో చాక్లెట్ సిరప్ అచ్చం నెత్తురే. షూటింగ్ మధ్యలో కారుకు సొట్ట పడింది. బాగుచేయించకుండా, అది చెట్టుకు గుద్దుకున్నట్టు సీనే రాసేశారు!

లోపాలు లేవా? బోలెడు. కొందరి నటన కొయ్యబారింది. నేలమాళిగలో దాక్కోవాలా, పైనే ఉండాలా అన్న గొడవ సాగుతూనే ఉంటుంది. వాళ్లలో ఒకరైన బార్బరా సగం సినిమా సోఫాలో బిక్కచచ్చి కూర్చుంటుంది. లైబ్రరీ నుంచి తెచ్చిన రెడీమేడ్ సంగీతం ఒక్కోచోట సీన్‌ని మించి అరుస్తుంది.

అయినా బెన్ పాత్రలో డ్యూయేన్ జోన్స్ బల్ల కాళ్లు విరగ్గొట్టి, కిటికీలకు చెక్కలు అడ్డంపెట్టి మేకులు దిగ్గొడుతుంటే మన గుండె ఆ సుత్తితోపాటే కొట్టుకుంటుంది. తెల్లారాక, రాత్రంతా బతికి బయటపడ్డ ఆ మనిషినే నడిచే శవమనుకుని కాల్చేస్తారు. తర్వాత కదలని ఫొటోలు, దినపత్రికలో అచ్చయినట్టు గరుగ్గా. వాటికైన ఖర్చెంత? దాదాపు సున్నా. ఆ రాత్రి మనకు నిద్ర మాత్రం పట్టదు.